ఒక్క పొరను ఎచ్ చేయాలంటే ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోవాలి

ఎచ్ చేయడమంటే ప్లాస్మాతో, అంటే కరెంటుతో అయాన్లుగా విడగొట్టిన గ్యాస్‌తో, పొరలో అక్కర్లేని భాగాన్ని కోసేయడం. కార్బన్ రేకు అయిన గ్రాఫీన్ ఒక్క పొర మందం 0.335 నానోమీటర్లు. మాలిబ్డినం డైసల్ఫైడ్ అయితే సుమారు 0.65. మామూలు ఆక్సిజన్ ప్లాస్మా ముందు ఒక్క పొర గ్రాఫీన్ నిలిచేది కొద్ది సెకన్లే. అందుకే "ఎంతసేపు ఎచ్ చేయాలి?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. పొర ఎలాగూ పోతుంది. అది పోయాక ప్లాస్మా కింద దేన్ని తింటోంది, పైన మాస్క్‌గా కప్పిన రెజిస్ట్ పూత ఏమవుతోంది, కోసిన అంచు ఎలా మిగిలింది అన్న మూడు విషయాలే మీ డివైస్ పనిచేస్తుందో లేదో తేలుస్తాయి. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరినీ రెసిపీ అడిగే ముందు నేనే ఒకటి అడుగుతాను: నీ ఎచ్ ఎక్కడ ఆగాలి?

నేను బెంగళూరులో ఒక క్లీన్‌రూంలో ఎచింగ్ మెషిన్ల దగ్గర పనిచేస్తాను. ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం లాంటి పథకాల పుణ్యమా అని, సొంత క్లీన్‌రూం లేని యూనివర్సిటీల పిల్లలు కూడా ఇప్పుడు పెద్ద సంస్థల మెషిన్లు వాడుకోగలుగుతున్నారు. వరంగల్, విశాఖ, అనంతపురం వైపు నుంచి కూడా వస్తుంటారు. స్లాట్ దొరకడమే కష్టం, దొరికినా కొద్ది రోజులే. వాళ్ల చేతిలో ఉండేది ఏదో పేపర్‌లోని మెథడ్స్ పేరా: "ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీ చేసి, ఆక్సిజన్ ప్లాస్మాతో ప్యాటర్న్ చేశాం." లితోగ్రఫీ అంటే రెజిస్ట్ మీద బొమ్మ రాయడం. ఆ ఒక్క వాక్యంలో కనిపించని పనంతా ఇక్కడ రాస్తున్నాను. గ్రాఫీన్, మాలిబ్డినం డైసల్ఫైడ్, హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్, ఈ మూడింటి గురించే చెబుతాను. ఇవి చేతికి వస్తే టంగ్‌స్టన్ డైసల్ఫైడ్, టంగ్‌స్టన్ డైసెలినైడ్ వగైరా కూడా ఇదే దారిలో వస్తాయి.

ముందు ఫ్లేక్ ఎంచుకోవడం

2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ బృందం టేపుతో గ్రాఫైట్ పొరలు విడదీసి చూపించినప్పటి నుంచి ఈ పని మొదటి మెట్టు మారలేదు. టేపుతో ఊడదీయడం, సిలికాన్ చిప్ మీద అద్దడం, మైక్రోస్కోప్‌లో వెతకడం. అలా దొరికే పలుచటి ముక్కే ఫ్లేక్. చిప్ మీద ఆక్సైడ్ మందం 90 నానోమీటర్లో, 285 నానోమీటర్లో ఉంటే ఒక్క పొర కూడా కంటికి ఆనుతుంది. ఆ మందం అటూ ఇటూ అయితే అదే గ్రాఫీన్ కళ్ల ముందే ఉన్నా కనపడదు.

ఎచింగ్ కోసం ఫ్లేక్ ఎంచుకునేటప్పుడు సన్నగా, శుభ్రంగా ఉంటే చాలదు, చుట్టుపక్కల ఏముందో చూడాలి. మీ ఒక్క పొరకు ఆనుకుని యాభై నానోమీటర్ల మందపు ముక్క ఉంటే, ఒక్క పొరను కోసే సమయంలో అది కోసుకుపోదు. డిజైన్‌లో విడివిడిగా ఉన్న రెండు కాంటాక్టులు ఆ మందపు ముక్క గుండా షార్ట్ అయి కూర్చుంటాయి. అలాంటి చోటు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి, లేదా ఆ మందపు ముక్క డివైస్‌కు తగలకుండా డిజైన్ వేయండి.

ఫొటోలు 5ఎక్స్ నుంచి 100ఎక్స్ దాకా అన్ని మాగ్నిఫికేషన్లలో తీసుకోండి. ప్రతి ఫొటోలో కనీసం రెండు అలైన్‌మెంట్ మార్కులు పడాలి. మార్కులు ముందే వేసి ఉన్న చిప్ మీదే ఫ్లేకులు దించితే చాలా టెన్షన్ తగ్గుతుంది. 5 నానోమీటర్ల క్రోమియం, దాని మీద 50 నానోమీటర్ల బంగారం ఉంటే చాలు, ఎలక్ట్రాన్ బీమ్‌లో మార్కులు స్పష్టంగా కనిపిస్తాయి.

రామన్ స్పెక్ట్రం (లేజర్ వెలుతురు చెదిరే తీరును బట్టి క్రిస్టల్‌ను గుర్తించే కొలత) కూడా ఇప్పుడే తీయండి. లేజర్ పవర్ మిల్లీవాట్ దాటనివ్వకండి. గ్రాఫీన్‌కు (అంకెలన్నీ cm⁻¹లో) 1580 దగ్గర జీ పీక్, 2700 దగ్గర 2డీ పీక్ రావాలి, 1350 దగ్గర లోపాలను చూపే డీ పీక్ రాకూడదు. మాలిబ్డినం డైసల్ఫైడ్‌కు 385, 404 ప్రాంతాల్లో రెండు పీకులు ఉంటాయి. వాటి మధ్య దూరం 18, 19 ఉంటే ఒక్క పొర, మందం పెరిగేకొద్దీ అది 25 దాకా పోతుంది. ఈ స్పెక్ట్రం ఇప్పుడు లేకపోతే, ఎచ్ తర్వాత కనిపించే డీ పీక్ మీ ప్లాస్మా వల్ల వచ్చిందో, ముందునుంచే ఉందో చెప్పే దారి ఉండదు.

రెజిస్ట్ వేయడం

ఫ్లేకులు దించాక ఆ చిప్‌కు సోనికేషన్ నిషిద్ధం. ఎసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లలో మెల్లగా ముంచి, నైట్రోజన్‌ను ఒక పక్కనుంచి, తక్కువ ఒత్తిడితో ఊదండి. పైనుంచి నిలువుగా ఊదితే మందపు ఫ్లేకులు లేచి, మీ డివైస్ మీదే పడతాయి.

నేను ఎక్కువగా వాడేది పీఎంఎంఏ 950 ఏ4 అనే పాలిమర్ రెజిస్ట్. 4000 ఆర్‌పీఎంలో ఒక నిమిషం తిప్పితే దాదాపు 200 నానోమీటర్ల పొర వస్తుంది. 180 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద రెండు నిమిషాలు. చిన్న చిప్ అయితే అంచుల దగ్గర రెజిస్ట్ మందంగా పేరుకుంటుంది, అక్కడ రంగుల గీతలు గీతలుగా కనిపిస్తాయి. ఫ్లేక్ ఆ గీతల ప్రాంతంలో ఉంటే డోసు (బీమ్ నుంచి పడాల్సిన ఛార్జ్), డెవలప్ సమయం (బీమ్ పడిన రెజిస్ట్‌ను కరిగించే సమయం) రెండూ తప్పుతాయి. అందుకే టేపు అద్దేటప్పుడే చిప్ మధ్యలో పడేలా చూసుకోవాలి.

మామూలు ఫొటోరెజిస్ట్‌ను నేరుగా ఈ పొరల మీద వేయమని నేను చెప్పను. రెండు కారణాలు. ఒకటి, ఫొటోరెజిస్ట్ మురికి ఒక్క పొర మీద నుంచి పూర్తిగా వదలదు. రెండు, దాని డెవలపర్ నీటిలో కలిపిన క్షారం, సాధారణంగా 2.38 శాతం టీమా (టెట్రామిథైల్ అమోనియం హైడ్రాక్సైడ్). నీళ్లు పొరకూ ఆక్సైడ్‌కూ మధ్య దూరాయంటే, ముఖ్యంగా సీవీడీలో (ఆవిరి నుంచి రసాయన చర్యతో) పెంచిన మాలిబ్డినం డైసల్ఫైడ్, పొరకు పొర లేచిపోతుంది. పెద్ద సీవీడీ పొరలకు ఫొటోలితోగ్రఫీ తప్పదనుకుంటే కింద పలుచగా పీఎంఎంఏ వేసి దాని మీద ఫొటోరెజిస్ట్ వేయండి. ప్యాటర్న్ పై పొరలో డెవలప్ అవుతుంది, కింది పీఎంఎంఏ ప్లాస్మాలోనే తెరుచుకుంటుంది. కింది పొర ఎసిటోన్‌లో కరిగిపోతూ పైదాన్ని కూడా లేపుకుపోతుంది. పొరకు ఫొటోరెజిస్ట్ తగలనే తగలదు.

డిజైన్

పీఎంఎంఏ పాజిటివ్ రెజిస్ట్. బీమ్ పడిన చోట తెరుచుకుంటుంది, తెరుచుకున్న చోట పొర పోతుంది. అంటే మీరు గీసేది డివైస్ బొమ్మ కాదు, పోవాల్సిన భాగం బొమ్మ. కొత్తవాళ్లు దీన్ని అటుదిటు చేసి గీయడం మామూలే కాబట్టి, రాసే ముందు డిజైన్‌ను ఫ్లేక్ ఫొటో మీద పెట్టి పక్కవాళ్లకు చూపించండి.

దీనిలో ఒక మేలు ఉంది. ఎలక్ట్రాన్ బీమ్ ఎక్కువగా పడేది ఎలాగూ పారేసే భాగం మీద. ఛానెల్ (డివైస్‌లో కరెంటు పారే భాగం) మీద పడేది చెదిరిన ఎలక్ట్రాన్లు మాత్రమే. హెచ్‌ఎస్‌క్యూ లాంటి నెగెటివ్ రెజిస్ట్‌లో (బీమ్ పడిన చోటే మిగిలే రకం) దీనికి ఉల్టా, ఛానెల్ మీదే పూర్తి డోసు పడుతుంది. చాలా సన్నటి గీతలకు హెచ్‌ఎస్‌క్యూ గొప్పదే, పైగా అది ప్లాస్మాకు గట్టిగా నిలబడుతుంది. కానీ దాన్ని తీయాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ కావాలి, అది కింది ఆక్సైడ్‌ను కూడా తినేస్తుంది. మొదటి డివైస్‌కు పీఎంఎంఏ చాలు.

ఫ్లేక్‌లో అక్కర్లేని భాగమంతా తుడిచిపెట్టాల్సిన పని లేదు. డివైస్ చుట్టూ ఒక మైక్రాన్ వెడల్పున కందకం తవ్వితే అది మిగతా ఫ్లేక్ నుంచి విడిపోతుంది. రాసే సమయం తగ్గుతుంది, చిప్ మీద ఛార్జ్ తక్కువ పేరుకుంటుంది. ఒక్కటే జాగ్రత్త: కందకం ఫ్లేక్ అంచు దాటి కనీసం రెండు మూడు మైక్రాన్లు బయటికి రావాలి. అలైన్‌మెంట్ అర మైక్రాన్ తప్పినా మూలలో సన్నటి దారం మిగిలిందంటే కరెంటుకు ఆ దారం చాలు.

30 కిలోవోల్టుల దగ్గర పీఎంఎంఏకు చదరపు సెంటీమీటరుకు 300 నుంచి 400 మైక్రోకూలుంబుల డోసు నుంచి మొదలుపెట్టొచ్చు. మెషిన్‌ను బట్టి, చిప్‌ను బట్టి మారుతుంది కాబట్టి డోసు టెస్ట్ మీ ఆక్సైడ్ మీదే చేయండి, వేరే చిప్ లెక్క పనికిరాదు. అలైన్ చేసేటప్పుడు ఫ్లేక్‌ను స్కాన్ చేసి చూడాలన్న ఆశ పుడుతుంది. వద్దు. మార్కుల మీదే ఆధారపడండి. పీఎంఎంఏ మీద ఎలక్ట్రాన్ బీమ్‌తో చూడటమంటే దాన్ని ఎక్స్‌పోజ్ చేయడమే.

డెవలప్ చేయడానికి ఎంఐబీకే అనే ద్రావకం, ఐపీఏ 1:3 నిష్పత్తిలో 45 సెకన్లు, తర్వాత ఐపీఏలో అర నిమిషం కడగాలి. వెంటనే మైక్రోస్కోప్‌లో పెట్టి చూడండి. కందకం అడుగున రంగు చుట్టుపక్కల ఖాళీ ఆక్సైడ్ రంగుతో కలవాలి. కలవకుండా కాస్త గోధుమ రంగు ఛాయ ఉంటే రెజిస్ట్ ఇంకా మిగిలి ఉన్నట్టే. ఇంకో పది సెకన్లు డెవలప్ చేస్తే పోతుంది. ఇక్కడ వదిలేస్తే, ప్లాస్మాలో మొదటి కొన్ని సెకన్లు ఆ అడుగు రెజిస్ట్‌కే ఖర్చవుతాయి. గ్రాఫీన్‌కు ఆ కొన్ని సెకన్లే మొత్తం ఎచ్.

ఏ పొరకు ఏ గ్యాస్

ఈ భాగం అర్థమైతే రెసిపీలు బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. ప్లాస్మా ఎచింగ్‌లో పొర అణువులు గ్యాస్‌తో కలిసి ఏదో ఒక కొత్త పదార్థంగా మారతాయి. ఆ పదార్థం గది ఉష్ణోగ్రతలోనే ఆవిరై పంపులోకి పోతే ఎచ్ జరుగుతుంది. పోకపోతే అక్కడే తిష్ట వేస్తుంది.

గ్రాఫీన్ అంటే కార్బన్. ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్. రెండూ గ్యాసులే. కాబట్టి ఆక్సిజన్ ఒక్కటి చాలు. సిలికాన్ ఆక్సైడ్‌ను ఆక్సిజన్ ఏమీ చేయదు. అంటే గ్రాఫీన్ నేరుగా ఆక్సైడ్ మీద ఉంటే మీ ఎచ్ దానంతట అదే ఆగుతుంది. సమయం కాస్త ఎక్కువైనా కింద నష్టం లేదు, రెజిస్ట్ మీద మాత్రమే కన్నుంచాలి.

మాలిబ్డినం డైసల్ఫైడ్ మీద అదే ఆక్సిజన్ వదిలితే సల్ఫర్ పోతుంది గానీ మాలిబ్డినం ట్రయాక్సైడ్ మిగులుతుంది. దాని ద్రవీభవన స్థానం 795 డిగ్రీలు, గది ఉష్ణోగ్రతలో ఎక్కడికీ కదలదు. మైక్రోస్కోప్‌లో ఫ్లేక్ రంగు పోయి, దాదాపు కనపడకుండా పారదర్శకంగా అవుతుంది. ఎచ్ అయిపోయిందని సంబరపడి ఏఎఫ్‌ఎం (సన్నటి సూదితో ఎత్తులు కొలిచే మైక్రోస్కోప్) పెడితే ఫ్లేక్ ఆకారం అలాగే ఎత్తుగా ఉంటుంది. ఈ మధ్యే ఒక అమ్మాయి "అక్కా, రామన్‌లో సిగ్నల్ లేదు, అంతా పోయింది" అని సంతోషంగా వచ్చింది. ఏఎఫ్‌ఎం పెట్టి చూస్తే స్టెప్ ఉంది. రామన్‌లో పీకులు పోవడం అంటే క్రిస్టల్ పోయిందని మాత్రమే అర్థం, పదార్థం పోయిందని కాదు.

దీనికి ఫ్లోరిన్ కావాలి. మాలిబ్డినం హెక్సాఫ్లోరైడ్ 34 డిగ్రీలకే మరుగుతుంది, వాక్యూంలో ఇట్టే ఎగిరిపోతుంది. టంగ్‌స్టన్ హెక్సాఫ్లోరైడ్ అయితే 17 డిగ్రీలకే. అందుకే ఈ కుటుంబానికంతటికీ ఎస్ఎఫ్6, సీఎఫ్4, సీహెచ్ఎఫ్3 లాంటి గ్యాసులు వాడతారు. ఎస్ఎఫ్6 చాలా దూకుడు గ్యాస్. ఒక్క పొరకు దాన్ని వాడితే ఎచ్ సమయం ఎంతో చెప్పలేనంత తక్కువైపోతుంది. ఆర్గాన్ కలిపి పలుచన చేయండి, లేదా సీఎఫ్4కు మారండి. చిక్కేమిటంటే ఫ్లోరిన్ ప్లాస్మాకు సిలికాన్ ఆక్సైడ్ కూడా ఆహారమే. గ్రాఫీన్ విషయంలో దొరికిన ఆ సహజమైన బ్రేక్ ఇక్కడ లేదు.

హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్‌కు సీహెచ్ఎఫ్3లో కొద్దిగా ఆక్సిజన్ కలిపి వాడటం ఎక్కువ మంది చేసే పని. బోరాన్ ట్రైఫ్లోరైడ్ గ్యాస్‌గా పోతుంది, నైట్రోజన్ సంగతి చెప్పక్కర్లేదు. సీహెచ్ఎఫ్3 ఒక్కటే వాడితే గోడల మీద ఫ్లోరోకార్బన్ పాలిమర్ పేరుకుంటుంది, ఆక్సిజన్ దాన్ని కాలుస్తూ పోతుంది. నేను 40 ఎస్‌సీసీఎం (నిమిషానికి ప్రామాణిక ఘన సెంటీమీటర్లు) సీహెచ్ఎఫ్3, 4 ఎస్‌సీసీఎం ఆక్సిజన్, 60 వాట్ల నుంచి మొదలుపెట్టమంటాను. మా మెషిన్‌లో నిమిషానికి దాదాపు 30 నానోమీటర్లు పోతుంది. మీ మెషిన్‌లో ఎంతో మీరే కొలుచుకోవాలి.

ఇక బోరాన్ నైట్రైడ్ మధ్య గ్రాఫీన్ పెట్టిన శాండ్‌విచ్. ఎక్కడ ఆగాలన్న ప్రశ్న అసలు రంగు చూపించేది ఇక్కడే. పై బోరాన్ నైట్రైడ్ 25 నానోమీటర్లు, కిందది 30 అనుకోండి, దాని కింద గ్రాఫైట్ గేట్ (ఛానెల్‌లో కరెంటును అదుపు చేసే ఎలక్ట్రోడ్) ఉందనుకోండి. నిమిషానికి 30 నానోమీటర్ల వేగంతో 50 సెకన్లలో గ్రాఫీన్ దాకా చేరతారు. ఇంకో 10 సెకన్లు పోనిస్తే కింది పొరలో 5 నానోమీటర్లు దిగి, 25 మిగులుతుంది. ఇక్కడ ఆపాలి. దాన్ని మొత్తం ఒకటిన్నర నిమిషం నడిపితే మిగిలేది 10. రెండు నిమిషాలు నడిపితే గేటే బయటపడుతుంది, తర్వాత వేసే లోహం గ్రాఫీన్‌ను, గేటును కలిపేస్తుంది. కాబట్టి శాండ్‌విచ్ కట్టే ముందే రెండు బోరాన్ నైట్రైడ్ ముక్కల మందం ఏఎఫ్‌ఎంలో కొలిచి రాసుకోండి. కట్టేశాక విడిగా కొలవడం కుదరదు.

మీకు కావాల్సింది గ్రాఫీన్ మీదే ఆగి దాన్ని పైనుంచి బయటపెట్టడం అయితే ఎస్ఎఫ్6 వాడండి. అది బోరాన్ నైట్రైడ్‌ను గబగబా తిని గ్రాఫీన్ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఫ్లోరిన్ గ్రాఫీన్‌కు అతుక్కుంటుందే గానీ దాన్ని తేలిగ్గా ఎగరగొట్టలేదు. గ్రాఫీన్ పూర్తిగా చెక్కుచెదరకుండా ఉంటుందని కాదు, దాని మీద ఫ్లోరిన్ చేరుతుంది. కాంటాక్ట్ వేయడానికి అది పనికొస్తుంది, ఛానెల్‌గా వాడుకోవడానికి కాదు.

ప్లాస్మా వెలిగించడం

మీ శాంపిల్ పెట్టకముందు ఖాళీ ఛాంబర్‌లో అదే గ్యాసుతో ఐదు పది నిమిషాలు నడపండి. అందరూ వాడే మెషిన్‌లో మీకు ముందు ఎవరు ఏ గ్యాస్ వాడారో, గోడల మీద ఏం పేరుకుందో మీకు తెలియదు. ముందు ఫ్లోరిన్ నడిచిన ఛాంబర్‌లో "శుద్ధ ఆక్సిజన్" ఎచ్ చేస్తే, మొదటి నిమిషాల్లో గోడల నుంచి ఫ్లోరిన్ వస్తూనే ఉంటుంది. మీ గ్రాఫీన్ కింది ఆక్సైడ్ కాస్త తగ్గిందంటే కారణం అదే.

తర్వాత డమ్మీ చిప్. అదే ఆక్సైడ్, అదే రెజిస్ట్, పక్కన పారేసే ఫ్లేకులు. డమ్మీ నడపకుండా అసలు శాంపిల్ లోపల పెట్టనివ్వను, ఎంత తొందరలో ఉన్నా సరే.

పవర్ సంగతి. ప్లాస్మా అంటుకుని స్థిరపడటానికే ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఐదు సెకన్ల ఎచ్ అని రాసి, అందులో రెండు సెకన్లు తడబాటుకు పోతే, అసలు ఎచ్ మూడు సెకన్లో, నాలుగో ఎవరూ చెప్పలేరు. కాబట్టి పవర్ తగ్గించి సమయం పెంచాలి. గ్రాఫీన్‌కు 20 నుంచి 30 వాట్లలో 15, 20 సెకన్లు పట్టేలా చూసుకుంటే ప్రతిసారీ ఒకేలా వస్తుంది. వాట్లకంటే ముఖ్యమైన అంకె డీసీ బయాస్. అయాన్లు ఎంత బలంగా వచ్చి గుద్దుతున్నాయో అది చెబుతుంది. రెండు మెషిన్లలో 30 వాట్లు ఒకటి కావు, ఎలక్ట్రోడ్ సైజును బట్టి మారిపోతాయి. బయాస్ దగ్గర దగ్గరగా ఉంటే ఫలితం కూడా దగ్గరగా ఉంటుంది.

ఎక్కువ సేపు నడపాల్సి వస్తే, బోరాన్ నైట్రైడ్‌కు లాగా, ఒక్క దమ్మున నడపకండి. 15 సెకన్లు నడిపి, ప్లాస్మా ఆపి, నిమిషం ఆగి, మళ్లీ 15. మధ్యలో చిప్ చల్లారుతుంది. పీఎంఎంఏకు వేడి అసలు పడదు. వేడెక్కితే అంచులు గుండ్రబడతాయి. పైగా అయాన్లు, అల్ట్రావయొలెట్ వెలుతురు తగిలి పై భాగం గట్టిపడుతుంది. పాల మీద మీగడ కట్టినట్టు పైన గట్టి పొర కడుతుంది, కింద మామూలు రెజిస్ట్ ఉంటుంది. ఆ గట్టి పొర తర్వాత ఎసిటోన్‌లో కరగదు. చిప్‌కూ దాని కింది క్యారియర్ వేఫర్‌కూ మధ్య చిన్న చుక్క వాక్యూం ఆయిల్ పెడితే వేడి కిందికి దిగుతుంది, చాలా తేడా కనిపిస్తుంది. ఆయిల్ చిప్ పక్కలకు పాకకుండా చూసుకోండి.

ఇంకో మాట, ఆక్సిజన్ రెజిస్ట్‌ను కూడా తింటుంది. డమ్మీ చిప్ మీద ఎచ్‌కు ముందు, తర్వాత రెజిస్ట్ మందం కొలిస్తే నిమిషానికి ఎంత పోతోందో తెలుస్తుంది. లెక్క వేశాక కనీసం సగం మందం మిగలాలి. అంచుల దగ్గర రెజిస్ట్ మధ్యలో కంటే త్వరగా తగ్గుతుంది, గీతలు సన్నబడతాయి. వంద నానోమీటర్ల లోపు గీతలు కావాలంటే ఈ నష్టాన్ని డిజైన్‌లోనే కలుపుకోవాలి.

నిజంగా ఎక్కడ ఆగింది

మైక్రోస్కోప్ మొదటి సాక్షి. రెజిస్ట్ ఉండగానే కందకంలో చూడండి. ఆక్సైడ్ రంగు మారిందంటే, ఉదాహరణకు ఊదా రంగు కాస్త ఎరుపు వైపు జరిగిందంటే, ఆక్సైడ్ కూడా తగ్గిందన్న మాట.

రెజిస్ట్ తీశాక ఏఎఫ్‌ఎం. ఒక్క పొర మాలిబ్డినం డైసల్ఫైడ్ అంచు దగ్గర స్టెప్ 8 నానోమీటర్లు వచ్చిందనుకోండి. అందులో పొర వాటా 0.65. మిగతా 7 నానోమీటర్లకు పైగా ఆక్సైడ్‌దే. 285లో 7 పోతే గేటుకు పెద్ద ప్రమాదం లేదు. కానీ పలుచటి అల్యూమినియం ఆక్సైడ్ మీదో, హాఫ్నియం ఆక్సైడ్ మీదో చేస్తుంటే ఈ అంకె మీ డివైస్‌ను లీక్ చేస్తుంది. స్టెప్ 0.65 కంటే తక్కువ వచ్చిందా? అయితే అడుగున ఇంకా ఏదో ఉంది. రామన్ కూడా తీసి రెండూ కలిపి చదవండి, ఏ ఒక్కటీ పూర్తి కథ చెప్పదు.

గ్రాఫీన్‌లో అయితే అంచు వెంట రామన్ మ్యాప్ తీయండి. అంచు దగ్గర కాస్త డీ పీక్ రావడం సహజం. అంచు నుంచి లోపలికి, లేజర్ స్పాట్ సైజు దాటిన దూరంలో కూడా డీ పీక్ ఉంటే రెజిస్ట్ కింద నుంచి ప్లాస్మా దూరింది, లేదా రెజిస్ట్ పలుచబడిపోయింది.

చివరికి ప్రోబ్ స్టేషన్. కందకానికి అటూ ఇటూ ఉన్న రెండు కాంటాక్టుల మధ్య కరెంటు లీకేజీ స్థాయిలోనే ఉండాలి. అంతకంటే ఎక్కువ వస్తే ఆ దారం ఎక్కడో మిగిలింది.

రెజిస్ట్ తీయడం

ఎసిటోన్‌ను 50 డిగ్రీల దగ్గర ఉంచి కొన్ని గంటలు వదిలేయండి, వీలైతే రాత్రంతా మామూలు ఉష్ణోగ్రతలో. ఎసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరికి నిప్పంటుకుంటుంది. కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లో, మూత పెట్టి, మనిషి దగ్గరుండగానే వేడి చేయాలి. గట్టిపడిన రెజిస్ట్ గోడల్లా అంచుల వెంట నిలబడి ఉంటే పిప్పెట్‌తో ఎసిటోన్‌ను పక్కనుంచి నెమ్మదిగా చిమ్మండి. అప్పటికీ పోకపోతే ఎన్ఎంపీలో 80 డిగ్రీల దగ్గర ప్రయత్నించొచ్చు. ఆ పని చేతికి తొడుగు, హుడ్ లేకుండా వద్దు, చర్మం గుండా లోపలికి పోయే ద్రావకం అది. "ఆక్సిజన్ ప్లాస్మాతో ఆ మిగిలింది కాల్చేద్దామా?" అని అడిగేవాళ్లు ఉంటారు. సిలికాన్ పనిలో అది మామూలే. ఇక్కడ రెజిస్ట్‌తో పాటు డివైస్ కూడా కాలిపోతుంది.

ఆ తర్వాత కూడా కంటికి కనపడని పీఎంఎంఏ ఒకటి రెండు నానోమీటర్లు మిగిలే ఉంటుంది. గ్రాఫీన్‌ను ఆర్గాన్, హైడ్రోజన్ కలిపిన గ్యాస్‌లో 300 నుంచి 350 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చితే చాలా వరకు పోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్‌కు అంత వేడి పెడితే సల్ఫర్ ఖాళీలు పెరుగుతాయి, వాక్యూంలో 200 దగ్గర ఆపేయడం మేలు. ఇంకా శుభ్రం కావాలంటే ఏఎఫ్‌ఎంను కాంటాక్ట్ మోడ్‌లో పెట్టి తక్కువ బలంతో ఊడిస్తారు. చెత్తంతా స్కాన్ పెట్టె అంచుల్లో రెండు గట్లుగా పేరుకోవడం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది.

అంచు

సన్నటి డివైస్‌లో అంచే సగం డివైస్. 2007లో కొలంబియా యూనివర్సిటీ బృందం లితోగ్రఫీతో కోసిన గ్రాఫీన్ రిబ్బన్లు సన్నబడేకొద్దీ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లకు చోటులేని శక్తి అంతరం) పెరగడం చూపించింది. అలా ప్లాస్మాతో కోసిన అంచు అణువుల స్థాయిలో గరుకుగానే ఉంటుంది. పదుల నానోమీటర్ల వెడల్పు రిబ్బన్‌లో ఆ గరుకుదనం ఎలక్ట్రాన్లను ఆపేస్తుంది. మైక్రాన్ వెడల్పు హాల్ బార్ (విద్యుత్ లక్షణాలు కొలిచే డివైస్) చేసేవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు.

కానీ అదే అంచు కాంటాక్ట్‌గా కూడా పనికొస్తుంది. 2013లో అదే కొలంబియా నుంచి వచ్చిన పనిలో బోరాన్ నైట్రైడ్ శాండ్‌విచ్‌ను ఎచ్ చేసి, బయటపడిన గ్రాఫీన్ అంచుకు మాత్రమే లోహం తగిలించారు. తక్కువ ఉష్ణోగ్రతల్లో ఎలక్ట్రాన్లు 15 మైక్రాన్లకు పైగా అడ్డం లేకుండా పోయాయి. మీరు అదే చేయాలనుకుంటే, ఎచ్ చేసిన రెజిస్ట్‌ను తీయకుండా, ఆ మాస్క్‌తోనే లోహం వేయండి. కోత, లోహం తమంతట తామే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఎచ్ అయిన అంచు గాలి పీల్చే సమయం ఎంత తక్కువైతే అంత మంచిది. అందుకే ఎచింగ్ స్లాట్, లోహం వేసే మెషిన్ స్లాట్ ఒకే రోజు, ఒకదాని వెనక ఒకటి దొరికితేనే బుక్ చేసుకోండి. ముందు క్రోమియం ఒకటి రెండు నానోమీటర్లు, దాని మీద బంగారం. చిప్‌ను కాస్త వంచి తిప్పుతూ వేస్తే గోడ మీద సరిగ్గా పడుతుంది.

గ్యాసులతో జాగ్రత్త

ఫ్లోరిన్ ప్లాస్మా తర్వాత ఛాంబర్‌లో మిగిలేవి తడి గాలి తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తాయి. మాలిబ్డినం హెక్సాఫ్లోరైడ్ కూడా అంతే. తలుపు తీసే ముందు నైట్రోజన్‌తో పలుమార్లు నింపి, లాగేయండి. ముక్కు దగ్గర ఘాటు తగిలితే ఛాంబర్ మూసేసి మనిషిని పిలవండి. ఎస్ఎఫ్6 మనిషికి విషం కాదు, కానీ వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 23,500 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఒక్క పొర కోసం ఆ గ్యాస్‌ను నిమిషాల తరబడి పారించొద్దు. పలుచన చేసి, అవసరమైన సెకన్లకే వాడండి.

లాగ్‌బుక్‌లో రాయాల్సినవి

రెసిపీ పేరు రాసి సంతకం పెడితే సరిపోదు. ప్లాస్మాకు ముందు ఛాంబర్ బేస్ ప్రెషర్, గ్యాసుల ప్రవాహాలు, నడుస్తున్నప్పటి ప్రెషర్, వాట్లు, డీసీ బయాస్, రిఫ్లెక్టెడ్ పవర్, ప్లాస్మా నిజంగా వెలిగి ఉన్న సెకన్లు, మీకు ముందు ఆ ఛాంబర్‌లో నడిచిన గ్యాస్, తర్వాత ఏఎఫ్‌ఎంలో వచ్చిన స్టెప్. ఈ వరుసలో బయాస్ గడి ఖాళీగా ఉన్న రన్‌ను జూనియర్‌కు రెసిపీగా ఇవ్వకండి. ఎవరైనా మీకిచ్చినా, డమ్మీ చిప్ మీద బయాస్ చూసి రాసుకున్నాకే మీ శాంపిల్ లోపల పెట్టండి.